ఎక్సెల్ షీటు కనపడుతోంది, మెనూలే కనపడటం లేదు – అక్షరాల సైజు ఎక్కడ పెంచాలి?

హిమాయత్‌నగర్ లెక్కలు
అందరికీ నమస్కారం. ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పని చేస్తాను. యాభై దాటాయి, చత్వారం అద్దాలు ఉన్నాయి. ఇన్నాళ్లూ పాత 19 అంగుళాల మానిటర్ మీద ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడది తీసేసి 14 అంగుళాల ల్యాప్‌టాప్ చేతిలో పెట్టారు. విండోస్ 11, స్క్రీన్ 1920 బై 1080.

షీటు పెద్దది చేసుకోవడం తెలుసు. కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పితే సరిపోతుంది. తంటా అంతా దాని చుట్టూ ఉన్నవాటితోనే. పైన మెనూలు, ఫార్ములా బార్, సెల్ పక్కన బాణం గుర్తు నొక్కితే దిగే లిస్టు, ఫోల్డర్లలో ఫైళ్ల పేర్లు. టీడీఎస్ రిటర్నుకు వాడే ఒక జావా యుటిలిటీ ఉంది, అందులో అంకెలైతే చీమల బారే. 3 ఏదో 8 ఏదో తెరకు ముక్కు ఆనించి చూసుకోవాలి. పాన్ నంబరులో ఒక్క అక్షరం తప్పు పడితే ఏమవుతుందో అకౌంట్స్ వాళ్లకు చెప్పక్కర్లేదు.

ల్యాప్‌టాప్ తెచ్చిన షాపు కుర్రాడు రిజల్యూషన్ 1366 బై 768కి తగ్గించి వెళ్లాడు. అక్షరాలు పెద్దవయ్యాయి, కానీ అంతా మసక. సాయంత్రానికి తల పగిలిపోతోంది. అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గర లేదు. ఏదైనా దారి ఉంటే చెప్పగలరు.

మాదాపూర్ డెవ్
సార్, మిగతాదంతా తర్వాత. ముందు రిజల్యూషన్ మళ్లీ 1920 బై 1080 చేసేయండి. దాని పక్కన రికమెండెడ్ అని రాసి ఉంటుంది. ఎల్‌సీడీ తెరలో పిక్సెల్ గళ్లు ఎన్నో ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతాయి. 1366 గళ్ల బొమ్మను 1920 గళ్లలో సర్దమంటే ఒక్కో గడికి ఒకటీ నలభై వంతున వస్తుంది. సగం గడి అంటూ వెలగదు కాబట్టి పక్కపక్క రంగులు కలిపి నింపుతుంది. మీ మసక అక్కడి నుంచే వస్తోంది.

పెంచాల్సింది స్కేల్. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, అందులో స్కేల్. ఇప్పుడు 125 ఉండొచ్చు, 150 పెట్టి చూడండి. దీనికి అడ్మిన్ అక్కర్లేదు.

మీ పాత మానిటర్‌తో తేడా ఎందుకంత వచ్చిందో లెక్క చెప్తాను, లెక్కల మనిషి కదా. విండోస్ మెనూ అక్షరం 9 పాయింట్లు. స్కేల్ 100లో అంటే 12 పిక్సెల్స్. పాత 19 అంగుళాల మానిటర్ 1280 బై 1024 అనుకుంటే అంగుళానికి 86 పిక్సెల్స్. ఆ 12 పిక్సెల్స్ ఎత్తు సుమారు మూడున్నర మిల్లీమీటర్లు. మీ 14 అంగుళాల తెరలో అంగుళానికి 157 పిక్సెల్స్. అవే 12 పిక్సెల్స్ ఇక్కడ రెండు మిల్లీమీటర్లు కూడా రావు. 150 పెడితే 18 పిక్సెల్స్, దాదాపు మూడు మిల్లీమీటర్లు. 175 పెడితే పాత సైజుకు వచ్చేస్తారు. ల్యాప్‌టాప్ మానిటర్ కన్నా దగ్గరగా ఉంటుంది కాబట్టి 150 చాలొచ్చు.

నష్టమూ ఉంది. 150లో మీ తెర 1280 బై 720 అంత చోటే ఇస్తుంది. ఎక్సెల్‌లో వరసలు తక్కువ కనపడతాయి. పైనుండే బటన్ల పట్టీని, అంటే రిబ్బన్‌ను, కంట్రోల్, ఎఫ్1 నొక్కి ముడిచేస్తే కొన్ని తిరిగి వస్తాయి.

ఉప్పల్ పోరడు
ఇంత కథ ఎందుకన్నా? విండోస్ కీ, ప్లస్ కలిపి కొడితే తెరను భూతద్దం లెక్క పెద్దగ చూపించే మాగ్నిఫైయర్ వస్తది. అయిపాయె.

తార్నాక తెలుగు టీచర్
బాబూ, మాగ్నిఫైయర్ ఒక్క అంకె పోల్చుకోవడానికి మంచిదే. రోజంతా దాంతో పని చేసి చూడు. మౌస్ ఎటు పోతే తెరంతా అటు జరుగుతుంది, పది నిమిషాల్లో కళ్లు తిరుగుతాయి. మూయాలంటే విండోస్ కీ, ఎస్కేప్. ఇది తెలియక మా స్టాఫ్‌రూమ్‌లో కంప్యూటర్ పాడైపోయిందని కంగారు పడ్డవాళ్లను చూశాను.

బోడుప్పల్ బైఫోకల్
నన్నడిగితే ముందు అద్దాలు మార్చుకోవాలి. సాఫ్ట్‌వేర్‌ను ఎంత పెంచుకుంటూ పోతారు? కంటి పవర్ సరిగ్గా ఉంటే 100లోనే అన్నీ కనపడతాయి.

మెహదీపట్నం ఆప్టికల్స్
కళ్లజోళ్ల పనిలోనే ఉన్నాను కాబట్టి చెప్తున్నా. అన్నయ్య చెప్పింది సగం నిజం. చదువుకునే అద్దాలు మామూలుగా పుస్తకం దూరానికి, అంటే 40 సెంటీమీటర్ల దగ్గరకు ఇస్తారు. ల్యాప్‌టాప్ అంతకన్నా దూరం, మానిటర్ ఇంకా దూరం. ఆ అద్దాలతో తెర చూడాలంటే మనిషి తెలియకుండానే ముందుకు వంగుతాడు. దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో ఉండే ప్రోగ్రెసివ్ అయితే ఇంకో తిప్పలు. దగ్గర చూపు భాగం అద్దం కింది వైపు ఉంటుంది కదా, తెర చూడటానికి గడ్డం పైకెత్తుతారు. తలనొప్పి అని వస్తారు, చూస్తే నొప్పి మెడలో ఉంటుంది.

మీరు పనిచేసే చోట కూర్చుని కంటి నుంచి తెరకు టేపుతో కొలవండి. ఆ కొలత రాసుకుని కళ్ల పరీక్షకు వెళ్లండి. సరోజినీ దేవి, ఎల్వీ ప్రసాద్ లాంటి కంటి ఆసుపత్రులయినా, వీధి చివర షాపయినా సరే, "కంప్యూటర్ పని, ఇంత దూరం" అని ముందే చెప్పండి. ఆ దూరానికి అద్దం వేరేగా రాస్తారు.

కానీ పవర్ ఎంత సరిగ్గా ఉన్నా రెండు మిల్లీమీటర్ల అక్షరాన్ని రోజంతా చదవడం సుఖం కాదు. అద్దం అక్షరాన్ని స్పష్టం చేస్తుందే తప్ప మెనూను పెద్దది చేయదు. రెండూ కావాలి.

హిమాయత్‌నగర్ లెక్కలు
రిజల్యూషన్ వెనక్కి పెట్టి స్కేల్ 150 చేశాను. మసక పోయింది! ఫోల్డర్లు, స్టార్ట్ మెనూ, బ్రౌజర్ హాయిగా ఉన్నాయి. ఫార్ములా బార్ కొంచెం నయం, ఇంకా పెద్దది కావాలి. ఆ దిగే లిస్టు అలాగే ఉంది. జావాది మాత్రం అస్సలు కదల్లేదు. అన్నీ పెరిగి అదొక్కటే ఎందుకు మొండికేసింది?

మాదాపూర్ డెవ్
దీనికి కొంచెం లోపలికి వెళ్లాలి సార్. ఏ అక్షరం చిన్నగా ఉంటే అది ఎవరి చేతిలో ఉందో ముందు తేల్చుకోవాలి. షీటు లోపలి అంకె ఎక్సెల్ జూమ్ చేతిలో ఉంది. ఫోల్డర్ పేర్లు విండోస్ చేతిలో ఉన్నాయి. ఫార్ములా బార్ ఎక్సెల్ డీఫాల్ట్ ఫాంట్ చేతిలో. జావా యుటిలిటీ ఎవరి మాటా వినదు, అదీ చెప్తాను. ఇది తేల్చుకోకుండా కనపడ్డ మీటలన్నీ తిప్పితే ఒకటి పెరిగి ఇంకొకటి విరుగుతుంది.

ఫార్ములా బార్: ఫైల్, ఆప్షన్స్, జనరల్‌లోకి వెళ్తే కొత్త వర్క్‌బుక్కులకు ఏ ఫాంట్, ఏ సైజు అని ఉంటుంది. 11 ఉన్నచోట 14 పెట్టి, ఎక్సెల్ మూసి తెరవండి. ఫార్ములా బార్‌తో పాటు కొత్త ఫైళ్లలో వరసల నంబర్లు, నిలువు వరసల పైనున్న ఏ, బీ, సీ అక్షరాలు కూడా పెరుగుతాయి. ఒక్క మెలిక. ఇకపై మీరు తెరిచే కొత్త ఫైళ్లన్నీ 14తోనే మొదలవుతాయి. ప్రింటు తీసే ఫైలయితే చూసుకోండి. పొడుగు ఫార్ములాలకు కంట్రోల్, షిఫ్ట్, యూ నొక్కితే బార్ కిందికి విప్పుకుంటుంది.

దిగే లిస్టు: దీన్ని ఎక్సెల్‌లో డేటా వ్యాలిడేషన్ లిస్టు అంటారు, దాని అక్షరాలకు వేరే సెట్టింగ్ లేదు. షీటు జూమ్‌తోనే అదీ పెరుగుతుంది. ఆ షీటును 100 కన్నా కింద ఉంచకండి, అంతే.

జావా: విండోస్ ప్రోగ్రాములు మూడు రకాలు. స్కేల్ గురించి అసలు తెలియనివి, లాగిన్ అయినప్పటి స్కేల్ ఒక్కటే తెలిసినవి, ఏ మానిటర్ మీద ఉంటే దానికి తగ్గట్టు మారేవి. తెలియనివాటి బొమ్మను విండోస్ సాగదీసి చూపిస్తుంది, అందుకే అవి మసకగా ఉంటాయి. నాలుగో రకం కూడా ఉంది, అదే అసలు పేచీ: "నాకు తెలుసు, నువ్వు ముట్టుకోకు" అని విండోస్‌కు చెప్పి, తాను మాత్రం ఏమీ చేయనివి. పాత జావా 8 మీద నడిచేవి చాలా వరకు ఈ రకం. స్కేల్ ప్రకారం పెరగడం జావా 9లో, అంటే 2017లో వచ్చింది.

విరుగుడు: ఆ యుటిలిటీ ఏ జావాతో నడుస్తుందో ఆ ఫోల్డర్‌లో జావా డబ్ల్యూ అనే ఎగ్జి ఫైలు ఉంటుంది. దాని మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, ఛేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్. కింద ఓవర్‌రైడ్ అన్న గడికి టిక్ పెట్టి, లిస్టులో సిస్టమ్ ఎంచుకోండి. అందరు యూజర్లకూ మార్చే బటన్ జోలికి వెళ్లకండి, దానికే అడ్మిన్ అడుగుతుంది. మీ ఒక్కరికి అయితే అడగదు. అక్షరాలు కాస్త మెత్తబడతాయి కానీ 3కీ 8కీ తేడా తెలుస్తుంది.

నల్లకుంట నెట్ సెంటర్
ఇదే సందులో నాదీ ఒకటి. మా దగ్గర 1366 బై 768 తెరలున్న పాత సిస్టమ్‌లు. పెద్దవాళ్లు ఫారాలు నింపుకోవడానికి వస్తారు కదా అని 150 పెట్టాను. ఇప్పుడు కొన్ని ప్రోగ్రాముల్లో విండో కింది భాగం తెర దాటిపోయి ఓకే బటనే కనపడటం లేదు.

మాదాపూర్ డెవ్
అన్నా, 768 ఎత్తును 1.5తో భాగిస్తే మిగిలేది 512. చాలా డైలాగులు అంతకన్నా పొడుగే. ఆ తెరలకు 125 దాటకండి. అది కూడా 614 ఎత్తే. ఇరుక్కున్నప్పుడు ఆల్ట్, స్పేస్ నొక్కి తర్వాత ఎం నొక్కండి, పై బాణంతో విండో పైకి జరుగుతుంది. చాలా డైలాగుల్లో ఎంటర్ నొక్కినా ఓకే అయినట్టే.

మీ అసలు పని బ్రౌజర్‌లోనే కాబట్టి విండోస్‌ను వదిలేసి అక్కడే పెంచండి. క్రోమ్ సెట్టింగ్స్, అప్పియరెన్స్‌లో పేజ్ జూమ్ ఉంటుంది. ప్రతి సైటుకూ అదే వర్తిస్తుంది.

చిక్కడపల్లి డీటీపీ
ఎక్సెల్, జావా అయిపోయాయి, మా గోడు ఎవరు వింటారు? పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7.0, అందులో తెలుగు కొట్టే అను ఫాంట్లు. 2001 నాటి సాఫ్ట్‌వేర్, దాని తర్వాత వెర్షనే లేదు. అయినా పెళ్లిపత్రికల నుంచి కరపత్రాల దాకా మా వీధిలో ఇంకా దాంట్లోనే కొడుతున్నాం, ఎందుకంటే కస్టమర్ తెచ్చే పాత ఫైళ్లన్నీ అందులోనే. మొన్న మా వాడు ముచ్చటపడి 27 అంగుళాల 4కే మానిటర్ కొన్నాడు. స్కేల్ 150 పెడితే పేజ్‌మేకర్ మొత్తం మసక. ఓవర్‌రైడ్‌లో అప్లికేషన్ పెడితే స్పష్టంగా ఉంది కానీ టూల్‌బాక్స్ గోరంత.

మాదాపూర్ డెవ్
అదే లిస్టులో మూడోది సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్ ఉంది, అది పెట్టి చూడండి. పాత పద్ధతిలో అక్షరాలు గీసే ప్రోగ్రాములను అది సాగదీయకుండా పెద్ద సైజులో మళ్లీ గీయిస్తుంది. మెనూలు శుభ్రంగా రావచ్చు. టూల్‌బాక్స్ బొమ్మలు మాత్రం చుక్కలతో చేసినవి, వాటి మసక పోదు. అన్ని పాత ప్రోగ్రాములకూ ఇది కుదరదు. పేజీ గీతలు అటూఇటూ అయితే మామూలు సిస్టమ్‌కే వచ్చేయండి.

సీనియర్ ప్రూఫ్ రీడర్
డీటీపీ తమ్ముడూ, ఇంకో ఉపాయం. ప్రూఫ్ దిద్దేటప్పుడు పేజీలోనే ఎందుకు కుస్తీ? కంట్రోల్, ఈ నొక్కితే ఉత్త మ్యాటర్ మాత్రమే చూపించే స్టోరీ ఎడిటర్ తెరుచుకుంటుంది కదా. ప్రిఫరెన్సెస్, జనరల్‌లో మోర్ అని బటన్ ఉంది. అక్కడ స్టోరీ ఎడిటర్‌కు ఫాంటు, సైజు విడిగా ఇవ్వొచ్చు. ఏదైనా అను ఫాంటు, 18 సైజు పెట్టుకో. లేఔట్‌లో ఉన్న సైజుకూ ప్రింటుకూ దీంతో సంబంధమే లేదు. నేను ఒత్తులు, అరసున్నలు అక్కడే చూస్తాను, ఆఖరున మాత్రం పేజీలో ఒకసారి.

చిక్కడపల్లి డీటీపీ
అన్నా, ఇన్నేళ్లు వాడుతూ ఆ మోర్ బటన్ ఒక్కనాడు నొక్కలేదు.

తార్నాక తెలుగు టీచర్
ఒత్తుల మాట వచ్చింది కాబట్టి అడుగుతాను. నేను విండోస్‌నే తెలుగులో పెట్టుకున్నాను. ఇంగ్లిషు మెనూలు ఉన్న సైజులోనే తెలుగు మెనూలు ఉంటే చదవలేకపోతున్నాను. "ప్రాప్యత", "నిష్క్రమించు" లాంటివి ఊహించి నొక్కాల్సి వస్తోంది. ఇది నా కంటి లోపమా, ఫాంటు లోపమా?

పెంగ్విన్ బాబాయ్
మీ కంటిదీ కాదు, ఫాంటుదీ కాదమ్మా, చోటుది. ఇంగ్లిషు అక్షరం ఒకే అంతస్తు. తెలుగులో పైన తలకట్టో గుడో, మధ్యన అక్షరం, కింద ఒత్తు. "స్త్రీ" రాస్తే కింద రెండు ఒత్తులు. ఇదంతా ఆ 12 పిక్సెల్స్ వరుసలోనే ఇమడాలి. ఒత్తుకు దక్కేది మూడో నాలుగో పిక్సెల్స్. అందులో త ఒత్తూ న ఒత్తూ విడిగా ఎలా తెలుస్తాయి? అందుకే తెలుగు వాడేవాళ్లు ఇంగ్లిషువాళ్ల కన్నా ఒక మెట్టు ఎక్కువ స్కేల్ పెట్టుకోవాలని నా లెక్క. వాళ్లకు 125 చాలితే మనకు 150.

విండోస్‌లో తెలుగుకు ఎక్స్‌పీ నాడు గౌతమి, 7లో వాణి, 8 నుంచి నిర్మలా యూఐ. మూడింట్లో మెనూలకు నిర్మలానే మెరుగు. దాన్ని మార్చాలని పాట్లు పడకండి. మీకు టెక్స్ట్ సైజ్ పనికొస్తుంది. విండోస్ కీ, యూ నొక్కితే యాక్సెసిబిలిటీ తెరుచుకుంటుంది, అందులో టెక్స్ట్ సైజ్. 100 నుంచి 225 దాకా జరుగుతుంది. స్కేల్ అన్నిటినీ పెంచుతుంది, ఇది అక్షరాలనే పెంచుతుంది కాబట్టి తెర మీద చోటు అంతగా పోదు. 120 దగ్గర మొదలుపెట్టండి. మరీ పెంచితే కొన్ని బటన్లలో మాట సగంలో తెగిపోతుంది. పాత ప్రోగ్రాములు చాలా వరకు దీన్ని లెక్కచేయవు.

ఫైర్‌ఫాక్స్ వాడితే ఇంకో సుఖం. సెట్టింగ్స్, జనరల్, ఫాంట్స్, అడ్వాన్స్‌డ్‌లో భాషల లిస్టు ఉంటుంది. అందులో తెలుగు ఎంచుకుని ఫాంటు, సైజు, మినిమమ్ సైజు విడిగా పెట్టొచ్చు. ఇంగ్లిషు పేజీలు అలాగే ఉంటాయి, తెలుగు పేజీలు మాత్రం మీ సైజులో వస్తాయి. నాకు మండలి ఫాంటు నచ్చుతుంది, ఒత్తులు విడివిడిగా కనపడతాయి.

తార్నాక తెలుగు టీచర్
టెక్స్ట్ సైజ్ 130 పెట్టాను. "నిష్క్రమించు"లో క్ర కనపడింది, చాలు! ఫైర్‌ఫాక్స్ సంగతి సరే, ఈమెయిల్ చూసుకునే థండర్‌బర్డ్‌లో ఉత్తరాల లిస్టు కూడా చిన్నదే.

పెంగ్విన్ బాబాయ్
కుడి పైన మూడు గీతల మెనూలో ఫాంట్ సైజ్ అని ప్లస్, మైనస్ ఉంటాయి మేడమ్. అదొక్కటే. ఇంత తేలిక అన్నిట్లో ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

లినక్స్ వాళ్లకు కూడా రెండు ముక్కలు. మింట్‌లో ఫాంట్ సెలెక్షన్ తెరిస్తే టెక్స్ట్ స్కేలింగ్ ఫ్యాక్టర్ ఉంటుంది, 1.2 పెట్టుకోండి. ఉబుంటులో యాక్సెసిబిలిటీలో లార్జ్ టెక్స్ట్ ఆన్ చేస్తే 1.25 అవుతుంది. 1.1, 1.3 లాంటివి కావాలంటే గ్నోమ్ ట్వీక్స్ అనే ప్రోగ్రాము వాడండి. విండోస్‌లో 2017 అప్‌డేట్‌తో మెనూలకు వేరే సైజు, టైటిల్ బార్‌కు వేరే సైజు పెట్టుకునే వీలు తీసేశారు. ఆ కోపంతోనే నేను ఇటు వచ్చాను, ఇప్పటికీ చల్లారలేదు.

ఉప్పల్ పోరడు
కోడ్ రాసేటోళ్లకు: వీఎస్ కోడ్‌ల ఫాంట్ సైజ్ పెంచితే కోడ్ ఒక్కటే పెరుగుతది, పక్కన ఫైళ్ల లిస్టు పెరగదు. కంట్రోల్, ప్లస్ కొడితే మొత్తం పెరుగుతది. ఫోటోషాప్‌ల ప్రిఫరెన్సెస్, ఇంటర్‌ఫేస్‌ల యూఐ ఫాంట్ సైజ్ లార్జ్ పెట్టి మూసి తెరవాలె. నేను కూడ పనికొచ్చే మాట చెప్పిన, రాసుకోండి.

సీటీసీ చుట్టం
మానిటర్ కొనే ఆలోచన ఉన్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్ కంప్యూటర్ షాపుల్లో అడుగుపెడితే అందరూ 4కేనే చూపిస్తారు. సినిమాకు, ఫోటోలకు భేషే. కానీ మీ బాధ పాత ప్రోగ్రాముల్లో చిన్న అక్షరాలైతే 27 అంగుళాల్లో 1920 బై 1080 తీసుకోండి. అంగుళానికి 82 పిక్సెల్సే, స్కేల్ 100లోనే అన్నీ పెద్దగా ఉంటాయి, మసక గొడవే రాదు. 24 అంగుళాల్లో అదే రిజల్యూషన్ అయితే 92. దగ్గరగా కూర్చుంటే చుక్కలు కనపడతాయని కుర్రాళ్లు వెక్కిరిస్తారు, వెక్కిరించనీయండి. డీటీపీ అన్న ముందే అడిగి ఉంటే డబ్బులు మిగిలేవి.

చిక్కడపల్లి డీటీపీ
ఆ 4కే ఇప్పుడు మా వాడి ఇన్‌డిజైన్‌కు పోయింది. దాంట్లో యూఐ స్కేలింగ్ మీట ఉంది కాబట్టి వాడు హాయిగా ఉన్నాడు. నేను పాత మానిటర్ దగ్గరకే వచ్చేశాను.

హిమాయత్‌నగర్ లెక్కలు
జావా దారికొచ్చింది. కొంచెం మెత్తగా ఉంది కానీ అంకెలు చదవగలుగుతున్నాను. కంటి నుంచి తెరకు కొలిస్తే 58 సెంటీమీటర్లు వచ్చింది, కళ్ల పరీక్షకు ఆ కాగితం పట్టుకెళ్తాను.

ఇంకొక్కటి మిగిలింది. ఒక క్లయింటు సర్వర్‌లోకి ఇక్కడి నుంచే రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్తాను. అక్కడ మళ్లీ అన్నీ చిన్నవే. స్కేల్ మారుద్దామంటే రిమోట్ సెషన్ నుంచి మార్చలేరు అంటోంది.

మాదాపూర్ డెవ్
అవును సార్, అక్కడ మార్చనివ్వదు. కనెక్ట్ అయ్యేటప్పుడు మీ ల్యాప్‌టాప్ స్కేల్ ఎంతుందో అదే సర్వర్‌కు వెళ్తుంది. మీరు 125 ఉన్నప్పటి సెషన్‌లోనే ఇంకా ఉన్నట్టున్నారు. విండో మూసేస్తే చాలదు, సర్వర్ లోపల స్టార్ట్ మెనూ నుంచి సైన్ అవుట్ చేసి మళ్లీ కనెక్ట్ అవ్వండి. అక్కడున్నది విండోస్ సర్వర్ 2012 ఆర్2 గానీ ఆ తర్వాతది గానీ అయితే 150 వచ్చేస్తుంది.

అంతకన్నా పాతదైతే రిమోట్ డెస్క్‌టాప్‌ను ఫుల్ స్క్రీన్ కాకుండా విండోలో తెరిచి, టైటిల్ బార్ ఎడమ మూల గుర్తు నొక్కండి. మెనూలో జూమ్ ఉంటుంది, 150 ఎంచుకోండి.

హిమాయత్‌నగర్ లెక్కలు
సర్వర్ 2008 అట. జూమ్ దొరికింది, పనిచేస్తోంది. క్లయింటు గారికి సర్వర్ మార్చమని చెప్పే ధైర్యం మాత్రం మా ఆడిటర్ గారికే ఉండాలి.